నా బదులు మాట్లాడిన అక్కకి

ఆపరేషను తర్వాత నా గొంతు బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే ఫోన్లు తగ్గుతాయని ఆశ. నిన్న డాక్టరుగారు కెమెరా పెట్టి చూసి పుండు మానిందన్నారు. ఎక్కువసేపు మాట్లాడే అనుమతి ఇంకా లేదు కాబట్టి ఇలా టైపు చేస్తున్నాను. నిద్రలేని కళ్ళతో రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

ఏమైందని అందరూ అడిగారు. కుడివైపు స్వరతంత్రి మీద చిన్న రక్తపు బుడిపె, పాలిప్ అంటారు. ఐదు శ్రుతిలో మధ్య షడ్జం, అంటే మామూలు 'స' పాడితే తంత్రులు రెండూ సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి, పై 'స' అయిన తార షడ్జానికి 400. కచేరీల వల్లా అని పలక మీద రాసి అడిగితే, "కచేరీలకంటే మీ పాఠాలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. నిజమే. కచేరీ రెండు గంటల్లో అయిపోతుంది. పాఠం అలా కాదు. చిన్నపిల్లల శ్రుతి ఒకటి, పెద్ద ఆడపిల్లలది ఒకటి, గొంతు మారుతున్న మగపిల్లలది ఇంకొకటి. "మళ్ళీ పాడు" అనే ముందు మనం పాడి చూపించాలి, అదీ ఫ్యాను చప్పుడు దాటి వినపడేలా.

నోట్లోంచే గొట్టం పంపి మైక్రోస్కోపులో చూస్తూ బుడిపె తీసేశారు. పైకి ఒక్క గాటు లేదు. ఆ తర్వాత పూర్తి మౌనం. గుసగుస కూడా వద్దన్నారు, దాంతో తంత్రులకి ఇంకా శ్రమట.

ఆసుపత్రిలో పక్క మంచం అక్క గురించి చెప్పాలి. పేరు రాయొద్దంది, రాయను. వాళ్ళాయనకి చెవి ఆపరేషను. వాళ్ళది పి.గన్నవరం వైపు గోదావరి మధ్య ఒక లంక. వరదకి కాజ్‌వే మునిగిపోయి ఇంటి దగ్గర్నుంచి ఎవరూ రాలేకపోయారు. తను రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి వెళ్తుంది. వాళ్ళాయనకి వినపడదు, నాకు నోరు లేదు, మధ్యలో ఆవిడ ఒక్కతే. నేను పలక మీద రాసింది చదవలేదు, చదువు రాదు. నా చేతులు చూసి అర్థం చేసుకునేది. నర్సుని పిలవడం, వేడినీళ్ళు తేవడం, ఆఖరికి నా ఫోను ఎత్తి "ఆయ్, టీచరుగారు మాట్లాడకూడదండి, పెట్టేయండి" అనడం కూడా ఆవిడే. నా శిష్యుల్లో సగంమందికి ఆవిడ గొంతు గుర్తే ఇప్పుడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకాయన ఫారాలు పట్టుకుని వచ్చాడు. నన్ను పైనుంచి కిందకి చూసి వృత్తి అన్నచోట "గృహిణి" అని రాసుకున్నాడు. నేను పలక మీద "సంగీతం టీచర్" అని రాసి చూపించాను. "అది ఉద్యోగం కాదు కదమ్మా, జీతం చీటీ ఉందా?" అన్నాడు. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టేనాటికి అతను పుట్టాడో లేదో! విజయవాడ సంగీత కళాశాల డిప్లొమా, ఆకాశవాణి గ్రేడు, ఇవన్నీ పలక మీద ఎక్కడ పడతాయి?

అక్క లేచింది. "బాబుగారూ, ఆవిడ గొంతే ఆవిడ పొలం. పొలం మునిగితే ఎకరానికి ఇంతని రాసుకుంటారు కదండీ, దీనికెందుకు రాయరు?" అంది.

అతను గృహిణి కొట్టేసి "ఇతరములు" అని రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కొంగుతో నా మొహం తుడుస్తూ, "ఏడవకండి, డాక్టరుగారు గొంతుకి మంచిది కాదన్నారు" అంది. నా పాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. త్యాగరాజ కీర్తన అంటే ఏమిటో కూడా తెలియదు. గురువులూ సభలూ రసికులూ ఎంతోమంది మెచ్చుకున్నారు ఇన్నేళ్ళలో. ఇది మాత్రం వేరు.

చెప్పకూడదు గానీ చెప్తాను. మా దగ్గర సంగీత సభ అంటే చాలు, మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ "1930లో మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు" అని మొదలుపెడతారు. గర్వమే, నాకూ ఉంది. అదే మైకులో పాడినవాళ్ళకి డబ్బులెప్పుడిస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. పోయిన దసరాకి పాడినదాని పారితోషికం ఒకచోట ఇంకా "ప్రాసెస్‌లో" ఉంది. పింఛను లేదు, సెలవు లేదు, గొంతు పోతే ఆ నెల ఫీజులూ పోయినట్టే.

మా ఆయనకీ పిల్లలకీ థ్యాంక్స్, మిగతాది ఇంట్లో మాట్లాడుకుందాం. స్పీచ్ థెరపీ అమ్మాయికి ప్రత్యేకంగా: గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు ఊదించి, ఆ తర్వాతే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే కొత్తగా చేరిన పిల్లలకి చెప్పే మొదటి పాఠాలు, పట్టనిచ్చింది. అదీ ఒకటో కాలమే, బాగా నెమ్మదిగా. మా క్లాసులో ఇప్పుడు అందరికంటే వెనకబడిన స్టూడెంటుని నేనే.

అయ్యో, మృదంగం మాస్టారిని మరిచిపోయాను. వినాయక చవితి కచేరీకి నా బదులు వేరేవాళ్ళని కుదిర్చిపెట్టింది ఆయనే. వర్షంలో అమలాపురం నుంచి కాకినాడ దాకా తీసుకెళ్ళిన ఆటో అబ్బాయి కూడా. రాత్రి డ్యూటీ నర్సమ్మలు. పిల్లలకి స్వరాలు మరిచిపోకుండా క్లాసు నడిపిన నా సీనియర్ శిష్యురాళ్ళు ఇద్దరూ.

చిన్నపిల్లల క్లాసులు వచ్చే మంగళవారం నుంచి. పెద్దవాళ్ళు దీపావళి దాకా ఆగండి. ఇంకొకటి, ఎవరో చారు పంపిన స్టీలు క్యారేజీ మా ఇంట్లోనే ఉండిపోయింది, మూత మీద వి.ఎస్. అని చెక్కి ఉంది. ఎవరిదో చెప్పి తీసుకెళ్ళండి. చారు చాలా బాగుంది.