పొరలు చూపిస్తే చాలదు, తూచనివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ఈమధ్య ద్రవాల సాంద్రత మీద ఒక ప్రయోగం వేశారు. పొడవాటి గాజు గ్లాసులో అడుగున తేనె, దానిమీద గ్లిజరిన్, ఆపైన రంగునీళ్లు, నూనె, అన్నిటికన్నా పైన స్పిరిట్. ఫొటో చాలా బాగుంది. మా పిల్లలు దాన్ని కత్తిరించి తరగతి గోడకు అంటించారు. నేను ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నా అభ్యంతరం ఆ ఫొటో కింది వాక్యం గురించే. "సాంద్రత ఎక్కువున్న ద్రవం అడుగుకు చేరుతుంది, తక్కువున్నది పైన తేలుతుంది" అని చెప్పి అక్కడితో ఆపేశారు. మాటలో తప్పేమీ లేదు. కానీ చదివిన పిల్లవాడికి ఏం మిగిలింది? తేనెకు సాంద్రత ఎందుకు ఎక్కువంటే అడుగున ఉంది కాబట్టి అంటాడు. అడుగున ఎందుకుందంటే సాంద్రత ఎక్కువ కాబట్టి అంటాడు. చుట్టూ తిరిగి మొదటికే వస్తాడు.

నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. గ్లాసులో పొరలు పోసి చూపించేదాన్ని. బోర్డు మీద, సాంద్రత కావాలంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించాలని రాసేదాన్ని. పరీక్షలో పిల్లలు నిర్వచనం పొల్లు పోకుండా రాసేవాళ్లు, నేనూ సంతోషించేదాన్ని. ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, నూనె నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది కదా, మరి అది కిందికి పోవాలి కదా?" అని అడిగింది. తరగతిలో సగంమంది అవునన్నట్టు తల ఊపారు. అప్పటికి ఆ పాఠం అయిపోయి వారమైంది. వాళ్ల మనసులో సాంద్రత అంటే చిక్కదనమే. నేను చెప్పింది దాన్ని తాకనే లేదు.

ఆ రోజు నోటితో జవాబు చెప్పలేదు. గ్రాముల దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, కొలజాడీ తెచ్చి బల్లమీద పెట్టాను. ముందు ఖాళీ కొలజాడీని తూచమన్నాను. అందులో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి తూచి, జాడీ బరువు తీసేశారు. 50 గ్రాములు వచ్చింది. జాడీ తుడిచి, అంతే నూనె పోసి తూచారు. 46 గ్రాములు. ఆ అమ్మాయి నమ్మలేదు, మళ్లీ తూచింది. మళ్లీ 46. అంత చిక్కగా కనిపించే నూనె నీళ్లకన్నా తేలికని త్రాసే చెప్పింది. జారకుండా సాగుతూ ఉండటం వేరు, ఒకే చోటులో ఎంత పదార్థం ఇమిడింది అన్నది వేరు. మొదటిదాన్ని స్నిగ్ధత అంటారని అప్పుడు చెప్పాను. పేరు చెప్పడానికి అదే సరైన సమయమైంది.

పాఠం అక్కడితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు, "నూనె రెండింతలు పోస్తే?" అన్నాడు. పోసి చూడమన్నాను. 100 మిల్లీలీటర్ల నూనె, 92 గ్రాములు. 50 మిల్లీలీటర్ల నీళ్లు, 50 గ్రాములు. ఇప్పుడు నూనెదే ఎక్కువ బరువు. రెండూ ఒకే బీకరులో పోశాం. నూనె పైకే వచ్చింది. తరగతి అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బరువైనది మునుగుతుంది, తేలికది తేలుతుంది అని చిన్నప్పటినుంచీ అనుకున్నది కళ్లముందే చెల్లకుండా పోయింది. కాసేపటికి ఆ అమ్మాయే బోర్డు దగ్గరికి వచ్చి 46ను 50తో, 92ను 100తో భాగించింది. రెండూ 0.92. "ఎంత పోసినా ఇది మారదు టీచర్" అంది. సూత్రం నేను రాయాల్సిన పని లేకపోయింది. ఆ పావుగంట కోసం మిగతా పాఠాలు రెండు రోజులు వెనకబడినా నాకు బాధ లేదు.

రంగుల పొరల గ్లాసులో ఇంకో చిక్కు ఉంది. నూనె, నీళ్లు ఒకదానిలో ఒకటి కలవవు. అందుకని పిల్లలు "కలవవు కాబట్టే పొరలు కట్టాయి" అనుకుంటారు. కలవకపోవడానికీ సాంద్రతకూ సంబంధం లేదు. ఈ ముడి విప్పడానికి నేను నూనె జోలికి పోకుండా ఒక్క నీళ్లతోనే చేయిస్తాను. నాలుగు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని వదిలేసి మిగతావాటిలో రెండు, నాలుగు, ఆరు చెంచాల పంచదార కరిగిస్తాం. ఒక్కోదానికి ఒక్కో రంగు. గాజులాంటి స్ట్రాను ముందు ఉత్త నీళ్లలో రెండు సెంటీమీటర్లు ముంచి, పైకొనను బొటనవేలితో గట్టిగా మూసి పైకెత్తాలి. అలాగే మూసి ఉంచి రెండో గ్లాసులో నాలుగు సెంటీమీటర్ల లోతుకు దింపి, వేలు తీసి మళ్లీ మూయాలి. ఇలా పంచదార ఎక్కువున్నదాని వైపుకు పోతే స్ట్రాలో నాలుగు రంగులూ విడివిడిగా నిలుస్తాయి. క్రమం తిరగేస్తే అన్నీ కలిసిపోయి మట్టిరంగు వస్తుంది. ఏ రంగులో పంచదార ఎక్కువుందో ముందుగా చెప్పను. క్రమం వాళ్లే కనిపెట్టాలి. చాలామందికి మూడోసారో నాలుగోసారో గానీ కుదరదు. నేను మధ్యలో సాయం చేయను.

పంచదార కూడా లేకుండా ఇది చేయొచ్చు. ఒకేలాంటి రెండు సీసాల్లో ఒకదాంట్లో చల్లటి నీళ్లు, ఇంకోదాంట్లో చేయి కాలనంత వేడి నీళ్లు రంగు కలిపి నిండుగా పోసి, వేడిదాని మూతికి గట్టి అట్ట అడ్డం పెట్టి చల్లటి సీసామీద బోర్లించి, మెల్లగా అట్ట లాగాలి. రంగు పైనే ఉండిపోతుంది. సీసాలు తారుమారు చేసి లాగితే క్షణంలో కలిసిపోతుంది. 10 డిగ్రీల నీటికీ 50 డిగ్రీల నీటికీ సాంద్రతలో తేడా నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇంత చిన్న తేడా ఇంత పని చేస్తుందని త్రాసు ఒక్కటే ఉంటే తెలిసేది కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం నూనెలో ఐసుముక్క. మంచు సాంద్రత సుమారు 0.917, వంటనూనెది 0.92 దగ్గర. దాదాపు సమానం. అందుకే ఐసుముక్క నూనెలో పూర్తిగా మునిగీ మునగనట్టు, పైఅంచు మాత్రం ఉపరితలాన్ని తాకుతూ వేలాడుతుంది. రెండు నిమిషాలు ఓపిగ్గా చూడాలి. ముక్క అడుగున ఒక బొట్టు ఊరుతుంది, బరువెక్కి సాగుతుంది, తెగి గుండ్రటి పూసలా మెల్లగా నూనె గుండా కిందికి దిగుతుంది. అడుగున చేరి పక్క బొట్టుతో కలిసిపోతుంది. గ్లాసు వెనకాల లైటు పెడితే ఇంకా బాగా కనిపిస్తుంది. మొన్న ఇది చూస్తూ ఒక పిల్లవాడు, "అవే నీళ్లు కదా, గడ్డకట్టి ఉన్నప్పుడు తేలాయి, కరిగితే మునిగాయి. అంటే కరిగినప్పుడు తక్కువ చోటులో సర్దుకున్నాయి" అన్నాడు. నేను ఇన్నేళ్లలో ఇంత చక్కగా చెప్పలేదు.

ఇక పరీక్షల సంగతి. ఇది బాధతో రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రాక్టికల్ పరీక్షలో నా విద్యార్థి ఒకడు నీటి సాంద్రత 0.98 అని రాశాడు. వాడు నిజంగా తూచాడు. 50 మిల్లీలీటర్లకు త్రాసు 49 గ్రాములు చూపించింది. గ్రాము దాకానే చూపే త్రాసు, మిల్లీలీటరు గీతలున్న జాడీ. అంతమాత్రం తేడా రావడం సహజం. పక్కనున్నవాడు త్రాసు ముట్టుకోకుండా 1.00 అని రాశాడు. వాడికి పూర్తి మార్కులు, వీడికి కొట్టేశారు. బయటికొచ్చి, "ఇంకోసారి పుస్తకంలోదే రాస్తాను టీచర్" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షలు పెట్టేవాళ్లకు నా విన్నపం ఇదే. అంకెకు కాదు, దాన్ని ఎలా తెచ్చాడన్నదానికి మార్కులు వేయండి. ఖాళీ జాడీ బరువు తీసేశాడా? నీటిమట్టం ఒంపు అడుగును కంటికి సమానంగా పెట్టి చూశాడా? ఎన్నిసార్లు తూచాడు? అడగాల్సినవి ఇవి.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. సామాను లేదని వెనకాడకండి. ఒక స్ట్రా అడుగున కాస్త బంకమట్టి అద్ది, నీళ్లలో నిటారుగా తేలేలా చేసి, నీటిమట్టం దగ్గర గీత పెడితే, ద్రవాల సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు తయారైనట్టే. ఉప్పునీళ్లలో ఆ గీత పైకి లేస్తుంది, నూనెలో కిందికి దిగుతుంది. బ్యాటరీలోని యాసిడ్‌ను మెకానిక్ పరీక్షించేదీ ఇదే సూత్రంతో. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీలో ఆ యాసిడ్ సాపేక్ష సాంద్రత, అంటే నీటితో పోలిస్తే దాని సాంద్రత ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.27 దగ్గర ఉంటుంది, చార్జి దిగేకొద్దీ తగ్గుతుంది. ఇంకొకటి, ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ప్రయోగానికి ముందే పిల్లల చేత పెన్నుతో రాయించండి. పెన్సిలుతో అయితే చెరిపేస్తారు. తప్పు ఊహ కాగితంమీద ఉండాలి. స్పిరిట్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, అది త్వరగా అంటుకుంటుంది. అది లేకపోయినా పాఠానికి లోటు లేదు.

మీ పత్రికను ఒకటే అడుగుతున్నాను. ఇలాంటి ప్రయోగాలు ఆపకండి, ఇంకా ఎక్కువ వేయండి. అయితే ఈసారి రంగుల గ్లాసు వేసినప్పుడు ఏ పొర పైన ఉంటుందో ముందే చూపించకండి. ద్రవాల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన మూడు ఖాళీ గడులు వదలండి: ఊహ, బరువు, ఘనపరిమాణం. ఫొటో మర్నాటి పేపర్లో వేయండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు