కొండబాట మరమ్మతు కమిటీ: ఈ ఏటి జమా ఖర్చుల వివరణ

దాతలకు, పనికి వచ్చినవారికి, ఈ బాటన నడిచేవారందరికీ నమస్కారం. వానలకు ముందు ముగించిన మరమ్మతు లెక్క ఇది. మొత్తం జమను వంద వంతులుగా తీసుకుని చూపుతున్నాం. అసలు మొత్తాలు, వోచర్లు, రసీదుల నకళ్లు కమిటీ దగ్గర ఉన్నాయి. ఎవరు అడిగినా చూపిస్తాం.

జమలో 58 వంతులు విడివిడి చందాలు, 27 వంతులు నడక బృందాలు కలిసి ఇచ్చినవి, 12 పోయినేటి నిల్వ, 3 బ్యాంకు వడ్డీ. శ్రమదానానికి వెల కట్టి జమలో కలపలేదు. కలిపితే ఖర్చు వైపు కూడా అదే అంకె వేయాలి. లెక్క పెద్దగా కనిపిస్తుంది గానీ చేతిలో ఎంత డబ్బుందో తెలియదు.

ఖర్చులో పెద్ద పద్దు గ్రావెల్, రాయి. రెండూ కలిపి 31 వంతులు: గ్రావెల్‌కు 19, రాయికి 12. బురదయ్యే 150 మీటర్ల మేర, 90 సెంటీమీటర్ల వెడల్పున, దిమ్మిస చేశాక 10 సెంటీమీటర్ల మందం మిగలాలి. అంటే 13.5 ఘనమీటర్లు. వదులు గ్రావెల్ దిమ్మిస దెబ్బకు అణుగుతుంది కాబట్టి 18 ఘనమీటర్లు కొన్నాం. సన్న పొడి కలిసిన గ్రావెల్‌నే తీసుకున్నాం. కడిగిన గుండ్రటి కంకర పాదం కింద దొర్లుతుంది, ఎన్నిసార్లు దిమ్మిస చేసినా పట్టు కట్టదు.

రవాణా 22 వంతులు ఎందుకైందని చాలామంది అడిగారు. 18 ఘనమీటర్లు దాదాపు 29 టన్నులు. 20 కిలోల తట్టల్లో మోస్తే 1,440 తట్టలు. లారీ కొండ మొదలు దాకానే వస్తుంది, దానికి 6 వంతులు. పైకి సగం శ్రమదానంతో చేరింది. మిగతా సగానికి, మెట్ల రాళ్లకు కలిపి 16 వంతులు మోత కూలి. వాలు మీదున్న రాళ్లే పెకలించి వాడొచ్చు కదా అన్నారు కొందరు. ఆ రాళ్లే పై మట్టిని పట్టి ఉంచుతున్నాయి. వాటిని తీస్తే వచ్చే వానకు ఆ మట్టి బాట మీదికి జారుతుంది.

రాతి పనివారి కూలి 11 వంతులు: 46 మెట్లు, నీటిని బాట పక్కకు మళ్లించే 9 రాతి అడ్డకట్టలు. మెట్టు రాయి 70 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 మందం. బరువు 145 కిలోల దాకా ఉంటుంది. పై రాయి ముందంచు కింది రాయి వెనకంచు మీద కూర్చోవాలి. రెంటి మధ్య సందు వదిలితే నీరు దూరి మట్టిని తోడేస్తుంది, మెట్టు ఊగుతుంది. అడ్డకట్టను బాటకు 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టించాం. సూటిగా అడ్డంగా పెడితే నీటి వేగం చచ్చి, మోసుకొచ్చిన మట్టి అక్కడే పేరుకుంటుంది. ఆపై నీరు కట్ట మీదుగా పొర్లి కిందివైపు గొయ్యి తవ్వుతుంది. కొయ్య దుంగలు చవక, తేలిక కూడా. కానీ పుచ్చిపోతాయి కాబట్టి రాయికే ఖర్చు పెట్టాం.

బాట నిట్టవాలు 15 శాతం దాటిన చోటే ఈ కట్టలు. తక్కినచోట 14 నీటి పల్లాలు తీశాం, శ్రమ తప్ప ఖర్చు లేదు. బాటలో లోతు తక్కువగా పల్లం తవ్వి, ఆ మట్టిని దిగువన మూడు నాలుగు మీటర్ల పొడవున మెల్లగా ఎత్తు చేసి దిమ్మిస వేస్తే నీరు పక్కకు దిగిపోతుంది. బాట పాడయ్యేది నీటి వల్లే. నడకతో మధ్య భాగం అణిగి బయటి అంచున చిన్న గట్టు లేస్తుంది, వాన నీరు బయటికి పోలేక బాట వెంటే కాలువలా పారుతుంది. ఆ అంచు గట్టును చెక్కేసి, 90 సెంటీమీటర్ల వెడల్పుకు నాలుగైదు సెంటీమీటర్ల వాలు బయటికి ఇచ్చాం. ఇదీ ఉచితమే, గ్రావెల్ కంటే ఎక్కువ మేలు చేసిన పని ఇదే.

పనిముట్లు 14 వంతులు. గునపాలు, పారలు, సమ్మెటలు, రెండు దిమ్మిసలు, ఒక వాలు కొలిచే సాధనం. ఇందులో 5 వంతులు పిడులకు, ఆకురాళ్లకే అయ్యాయి. అది వృథా కాదు. మొద్దుబారిన పనిముట్టు జారి కాలి మీద పడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, ప్రథమ చికిత్స సామగ్రి 5 వంతులు. రాయి చెక్కేటప్పుడు పక్కనున్నవారికీ పెచ్చులు ఎగురుతాయి, అందుకే అద్దాలు అందరికీ కొన్నాం. అడ్డదారులు మూసిన చోట పెట్టిన బోర్డులకు 3 వంతులు.

ఖర్చు మొత్తం 86. నిల్వ 14.

ఈ నిల్వతో శిఖరం దాకా కొత్త బాట వేయమని సూచనలు వచ్చాయి. మేము ఒప్పుకోలేదు. పల్లాల్లో ప్రతి వానాకాలం పూడిక చేరుతుంది. నీరు బయటికి పోయే మూతి మూసుకుంటే ఈ ఏడు పోసిన గ్రావెల్ కొట్టుకుపోతుంది. కాబట్టి 10 వంతులు పూడికతీతకు, ఊగిన రాళ్లు సరిచేయడానికి, పిడులకు కేటాయించాం. వానలు తగ్గి, మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే ఆ పని మొదలవుతుంది, ఎండి గట్టిపడ్డాక తవ్వాలంటే రెట్టింపు శ్రమ.

మిగిలిన 4 వంతులు మలుపు దగ్గర కూర్చునే అరుగు కోసమని ప్రత్యేకంగా ఇచ్చినవి. అక్కడ నేల జారుతోంది, అరుగు నిలవదు. ఆ డబ్బు వేరే పద్దుకు మళ్లించలేదు. ఇచ్చినవారు మరో చోటుకు ఒప్పుకుంటే అక్కడ కడతాం, లేదంటే రసీదు చూపి వెనక్కి తీసుకోవచ్చు.