రిజల్ట్ రాకముందే థ్యాంక్స్ చెప్పేస్తున్నా

అందరికీ నమస్తే. యూసీఎల్ఏ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాస్ ఏంజిల్స్ క్యాంపస్, అక్కడి ఫిల్మ్ డిగ్రీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ మొత్తం మొన్న రాత్రి పంపేశా. రిజల్ట్ ఏప్రిల్ చివర్లో గానీ రాదు. అప్పటిదాకా ఆగితే, సీటొస్తే ఆడియో ఫంక్షన్ స్పీచ్ లాగా తయారవుతుంది, రాకపోతే అసలు రాయబుద్ధే కాదు, నా సంగతి నాకు తెలుసు కదా. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, ఏమనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం, నేను బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడాది. ఇక్కడ యూనిట్ (క్రెడిట్) కి 46 డాలర్లే, రెండేళ్ళు చదివి 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తి చేసుకుంటే జూనియర్ గా, అంటే నేరుగా మూడో ఏడాదిలోకి, యూనివర్సిటీకి మారొచ్చు, మధ్యతరగతి ఇళ్ళకి బంగారం లాంటి దారి. కాకపోతే యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) ఆరు క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ సీటుకి ముందే గ్యారెంటీ రాసిస్తాయి, లాస్ ఏంజిల్స్ ఆ లిస్టులో లేదు. అక్కడ ట్రాన్స్‌ఫర్ కి పెట్టినవాళ్ళలో అటూ ఇటుగా నలుగురికి ఒకరికి వస్తుంది, ఫిల్మ్ కి అయితే సీట్లు మరీ తక్కువ. పైగా మామూలు యూసీ అప్లికేషన్ అయ్యాక ఫిల్మ్ స్కూల్ వాళ్ళకి వేరే వ్యాసాలు, కథ రాసిన శాంపిల్, రికమెండేషన్ లెటర్లు, అన్నీ విడిగా పంపాలి. రెండు పెళ్ళిళ్ళ పని అన్నమాట.

మొదటి థ్యాంక్స్ అక్టోబర్ లో నా కోర్సుల లిస్టు చూసిన అక్కకి. పేరు రాయొద్దంది కాబట్టి రాయట్లేదు. యూసీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే ఇంగ్లీష్ రైటింగ్ కోర్సులు రెండు, మ్యాథ్స్ ఒకటి కచ్చితంగా ఉండాలి, మారే ముందు వచ్చే స్ప్రింగ్ సెమిస్టర్ ముగిసేలోపు అయిపోవాలి. నేను తీసుకున్న ఒక స్పీచ్ క్లాస్ రెండో ఇంగ్లీష్ కింద లెక్కకొస్తుందని గుడ్డిగా నమ్మేసి హాయిగా ఉన్నా. అక్క ఏ కోర్సు యూనివర్సిటీలో లెక్కకొస్తుందో చెప్పే అసిస్ట్ సైట్ తెరిచి చూపించి, ఇది లెక్కలోకి రాదు నాన్నా, ముందు స్ప్రింగ్ లో రెండో ఇంగ్లీష్ క్లాస్ లో సీటు పట్టుకో, సినిమా సంగతి తర్వాత చూద్దాం అంది. అదే గనక ఏప్రిల్ లో తెలిసుంటే నా వ్యాసాలు ఎంత బాగున్నా ఏం లాభం, ఆ ఊహకే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

తర్వాత వ్యాసాల గోల. యూసీ వాళ్ళు నాలుగు ప్రశ్నలకి జవాబు రాయమంటారు, ఒక్కోదానికి 350 పదాలు దాటకూడదు. నా మొదటి డ్రాఫ్ట్ చిన్నప్పటి నుంచి సినిమా అంటే పిచ్చి అని మొదలైంది. అది చదివి అదే అక్క, మన తెలుగువాళ్ళలో ఈ లైన్ రాయలేనివాడు ఎవడున్నాడు చెప్పు, చూడటం కాకుండా నువ్వు చేసింది ఏంటి అని అడిగింది. రెండు రోజులు నాకేమీ తట్టలేదు, నిజంగా ఏమీ లేదేమో అని భయమేసింది కూడా.

అప్పుడు అమ్మ గుర్తు చేసింది. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మమ్మ తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంది, నాన్న ఆఫీసుకి, నేను స్కూలుకి, ఆవిడకి పగలంతా గోడలే. సాయంత్రం నేనొచ్చి టీవీలో ఇంగ్లీష్ సినిమా పెట్టి పక్కన కూర్చుని తెలుగులో డబ్బింగ్ చెప్పేవాణ్ణి. అర్థం కానిచోట సొంత కథ అల్లేసేవాణ్ణి, పక్కింటావిడని పెద్దమ్మని చేసేవాణ్ణి, చచ్చిపోయినవాణ్ణి ఊరెళ్ళాడని చెప్పేవాణ్ణి. అమ్మమ్మ ఇండియా వెళ్ళాక ఆ సినిమాల్లో ఒకటి తెలుగు డబ్బింగ్ లో వస్తే చూసి, ఫోన్ చేసి, ఒరేయ్ ఇందులో పెద్దమ్మ ఏదిరా అని నిలదీసింది. మా ఇంట్లో ఇప్పటికీ అది జోకే, దాన్ని వ్యాసంగా రాయొచ్చని నాకు తట్టలేదు. రాశా. తొమ్మిది డ్రాఫ్టులు పట్టింది గానీ రాశా.

కథ శాంపిల్ విషయంలో హైదరాబాద్ కృష్ణానగర్ లో ఎడిటింగ్ అసిస్టెంట్ గా చేస్తున్న ఒక అన్నకి నేను పెద్ద బాకీ. మనకీ వాళ్ళకీ ఇప్పుడు పదమూడున్నర గంటల తేడా, ఆయన డ్యూటీ అయ్యి తెల్లవారుజామున ఇంటికెళ్తూ టీ బడ్డీ దగ్గర నిలబడి నాతో మాట్లాడేవాడు, వెనకాల గ్లాసుల చప్పుడు, ఆటోల హారన్లు. నాకు ఇంగ్లీష్ లో చదివితే బుర్రకెక్కదు తమ్ముడూ, కథ చెప్పు అన్నాడు. నేను తెలుగులో చెప్పడం మొదలెట్టా, మూడో నిమిషానికే నాకే తెలిసిపోయింది ఎక్కడ నీళ్ళు నములుతున్నానో. ఇంగ్లీష్ లో మంచి మంచి పదాలు పేర్చి కప్పెట్టిన గోతులన్నీ నోటితో చెప్పేసరికి బయటపడ్డాయి. మొదటి పేజీ మొత్తం ఎత్తెయ్, అక్కడ ఎవరికీ ఏమీ కావట్లేదు అన్నాడు. ఎత్తేశా. రెండు రోజులు ఏడ్చాలెండి, ఆ పేజీ నాకు చాలా ఇష్టం. అన్నా, నువ్వు ఇది చదువుతావో లేదో గానీ, నిద్ర మానుకుని విన్నందుకు థ్యాంక్స్.

నాన్న గురించి ఏం రాయాలో తెలియట్లేదు. సినిమా కూడా డిగ్రీ చదువుకునేదేనా అని ఏడాది పాటు అన్నారు, ఆయన భయమూ అర్థమైంది, నాకు జూన్ లో 21 నిండితే నాన్న వీసా మీద వచ్చిన హెచ్4 పోతుంది, ఎఫ్1 అనే స్టూడెంట్ వీసాకి మారాలి, ఫీజు ఏమవుతుందో, చదివాక ఉద్యోగమేంటో, ఇవన్నీ ఆయన బుర్రలో తిరుగుతున్నాయి, నా బుర్రలో తిరగట్లేదు. అలాంటి మనిషి చెప్పకుండా ఎక్సెల్ షీట్ ఒకటి తయారుచేసి గడువులన్నీ రంగులేసి ఫ్రిజ్ మీద అంటించారు, అప్లికేషన్ ఫీజు కట్టారు, ఆఖరి రోజు రాత్రి నా వ్యాసం చదివి, ఒరేయ్ ఇందులో ఐ, అంటే నేను అనే మాట 31 సార్లుంది, లెక్కపెట్టా అన్నారు. పదిహేడుకి తగ్గించా. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ లో సినిమా కోర్సుకి కూడా పెట్టించింది ఆయనే, ఒక్క బుట్టలోనే అన్నీ ఎందుకురా అని కాదు, ఇంటి నుంచి వెళ్ళొచ్చని. అది అమ్మ చెప్తే తెలిసింది.

ఫిల్మ్ హిస్టరీ ప్రొఫెసర్ ని లెటర్ అడిగింది డిసెంబర్ లో, సెలవులకి వారం ముందు, అది నా తప్పే, మీరెవరైనా పెట్టేవాళ్ళుంటే దయచేసి సెప్టెంబర్ లోనే అడగండి. ఆయన ఒక్క మాట అనకుండా రాసిచ్చారు. ఆయనకి తెలుగు రాదు కాబట్టి విడిగా మెయిల్ పెట్టా, అమ్మ సున్నుండలు కూడా చేసి పంపింది, రెండు మిగిల్చి డబ్బా తిరిగిచ్చారు, అవి భార్యకి దాచారట, మళ్ళీ డబ్బాలోంచి తీయడం మర్చిపోయారు.

ఇక నెలాఖరులోగా యూసీ అప్లికేషన్ లో మొన్న అయిపోయిన ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లు అప్‌డేట్ చేయాలి, ఫ్రిజ్ మీద అది ఎర్ర రంగులో ఉంది. స్ప్రింగ్ లో ఆ రెండో ఇంగ్లీష్ క్లాస్ సోమవారం నుంచి, ఉదయం ఏడున్నరకి. సీటొచ్చినా రాకపోయినా ఏప్రిల్ లో వచ్చి చెప్తా.