మన ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) బడి పైకప్పు కోసం విరాళాల విజ్ఞప్తి

క్రీస్తునాథునియందు ప్రియమైన విచారణ (మన గుడి పరిధి) విశ్వాసులకు, మన బడిలో అక్షరాలు దిద్దుకుని ఊరు దాటి వెళ్లిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విచారణ పాలక మండలి నమస్కారాలు.

పోయిన ఆగస్టులో ముసురు పట్టినప్పుడు మూడో తరగతి గది ఏడు చోట్ల కారింది. పిల్లలు ఇళ్ల నుంచి స్టీలు గిన్నెలు, ఖాళీ పెయింటు డబ్బాలు తెచ్చి పెట్టారు. ఒక డబ్బా నిండటానికి ఎంతసేపు పడుతుందో చూసి, బడి వదిలేలోపు ఎన్ని డబ్బాలు నిండుతాయో చెప్పమని టీచరమ్మ దాన్నే లెక్కగా ఇచ్చారు. నాలుగు రోజులు అలా నడిచింది. ఐదో రోజు తెల్లారి తలుపు తీసేసరికి ఒక వాసం విరిగి, పెంకులతో సహా బోర్డు ముందర పడి ఉంది. పగలైతే అక్కడ టీచరమ్మ కుర్చీ ఉంటుంది.

ఆ రోజు నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులు గుడి వసారాలోనే. పెళ్లి పూజ ఉంటే పిల్లల్ని చింతచెట్టు కిందికి పంపుతున్నాం. భూస్థాపన (అంత్యక్రియల) పూజ ఉంటే సగంపూట సెలవు. ఫాదర్ గారు ఎంత సర్దుకున్నా వసారా బడి కాదు, బడి వసారా కాదు.

మన ప్రాంతంలో ఊరికో గుడి, గుడి పక్కన బడి అన్నది పాత అలవాటు. మిల్‌హిల్ అనే మిషనరీ సభ ఫాదర్లు 1875లో తెలుగు నేలకు వచ్చింది మొదలు, 1904లో గుంటూరులో అడుగుపెట్టిన జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్ల మీదుగా, 1940లో నెల్లూరు నుంచి వేరుపడి గుంటూరు మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడేదాకా, ఆ తర్వాత కూడా అదే వరస. చాలా ఊళ్లలో పలకా బలపం ముందు వచ్చాయి, గంట గోపురం తర్వాత లేచింది. మన తాతలు కట్టిన నాపరాతి గోడలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. మోసం చేసింది పైనున్న కర్రే, చెదపురుగు తినేసింది.

ఈ బడి ఎవరిది అని ఎవరైనా అడిగితే మేత్రాసనానిది అని కాగితం చెబుతుంది. ఒక్క వారం ఇక్కడ ఉండి చూస్తే మాత్రం అమ్మలదీ నాన్నలదీ అంటారు. 112 మంది పిల్లల్లో క్యాథలిక్ కుటుంబాల వాళ్లు సగానికి తక్కువే. ఊళ్లో వాడలు వేరు, బావులు వేరుగా ఉన్న రోజుల్లోనే ఇక్కడ ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నారు. పెద్దలకు నచ్చక గొడవలూ అయ్యాయి, దాచాల్సిన పని లేదు. ఆ పెద్దల మనవలు ఇప్పుడు మన దగ్గరే చదువుతున్నారు.

బియ్యం సంగతి చెప్పాలి. మన విచారణలో చాలా ఇళ్లలో బియ్యం డబ్బా పక్కన ఒక పాత హార్లిక్స్ సీసా ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు అందులో పడాలి. నెలలో మొదటి ఆదివారం పూజ అయ్యాక ఆ బియ్యమంతా గుడి మెట్ల మీద వేలం వేస్తాం. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు ఒక్కొక్కటిగా రిటైరై ఖాళీ అవుతున్నాయి, కొత్తగా భర్తీ లేదు. ఆ ఖాళీల్లో మనం పెట్టుకున్న ఇద్దరు టీచరమ్మల జీతంలో పెద్ద భాగం ఈ పిడికెడు బియ్యం నుంచే వస్తోంది. పోయిన నెల ఒక నాయనమ్మ తెచ్చిన సీసాలో బియ్యంతో పాటు కందిపప్పు కూడా కలిసి ఉంది. ఒకటో తరగతి మనవరాలు "మా బడికి నేనూ వేస్తా" అని దొరికిన డబ్బాలోంచి తీసి పోసిందట. నాయనమ్మ సిగ్గుపడింది. కిచిడీకి పనికొస్తుందని వేలంలో రెట్టింపు పాడి ఒకాయన పట్టుకెళ్లాడు.

మధ్యాహ్న భోజనం ప్రభుత్వానిదే. గుడ్డు, చిక్కీ వస్తాయి. కానీ జనవరి నుంచి మార్చి దాకా మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి కదా, వాళ్ల పిల్లలు కళ్లాల దగ్గర ఎండలో తిరుగుతుంటారు. వాళ్లను తెచ్చి కూర్చోబెడతాం. హాజరు పట్టీలో పేరు లేని పిల్లలకు ప్లేటు ఎక్కడి నుంచి రావాలి? వంతులవారీగా అమ్మలు ఇంటి నుంచి కూర తెస్తారు. పోయినేడు కోతలు అయిపోయి వెళ్లే ముందు రోజు, ఆ కుటుంబాల్లోని ఒక తల్లి పొద్దున్నే వంటపాకలో పొయ్యి వెలిగించి అందరికీ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. మన పిల్లలు చాలామంది చేత్తో తట్టిన జొన్నరొట్టె చూడటం అదే మొదలు. పెళపెళలాడుతోందని అప్పడంలా విరుచుకు తిన్నారు.

విద్యా హక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంటుంది. మనలాంటి ఎయిడెడ్ బడులకు ఆ కమిటీ సలహాల వరకే పరిమితం. మన అమ్మలు సలహాలతో ఆగరు, అది వేరే సంగతి. మరుగుదొడ్డి తలుపు గడియ ఊడిందని ముగ్గురు అమ్మలు వచ్చి ఫాదర్ గారి భోజనం వేళ కూడా చూడకుండా నిలబడ్డారు. సాయంత్రానికి గడియ పడింది. క్యాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటన పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులే అంటుంది. అది చదివి వచ్చారో లేదో తెలియదు గాని, ఆచరణలో మాత్రం వాళ్లకు కొరత లేదు.

క్రిస్మస్ పశువులపాకకు గడ్డి తెచ్చేది నాన్నలు. నక్షత్రానికి ఇనుప ఫ్రేము ప్రతి ఏడూ వేసి ఇచ్చేది ఒక ముస్లిం పిల్లవాడి తండ్రి, వెల్డింగు ఆయన పని. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ, జెండా పండుగ ఒకే రోజు కాబట్టి పూజ అయ్యాక గుడిలోంచి నేరుగా జెండా దగ్గరికే వస్తాం. పోయిన ఆగస్టులో మాత్రం ఆ పక్కనే విరిగిన పెంకుల కుప్ప ఉంది.

ఇక పైకప్పు విషయం. రేకులు వేస్తే ఖర్చు సగమవుతుందని మండలిలోనే కొందరు గట్టిగా వాదించారు. రెంటచింతల పక్కనున్న మనకు ఎండ గురించి ఒకరు చెప్పాలా? మార్చి దాటితే రేకుల కింద పిల్లలు ఉడికిపోతారు, వాన పడితే టీచరమ్మ మాట వినపడదు. రెండు మీటింగుల వాదన తర్వాత స్లాబే అని తేల్చాం. పాత గోడలు స్లాబు బరువు మోయవని ఇంజనీరు గారు చెప్పారు కనుక పిల్లర్లు లేపాలి. మూడు గదులు, ముందు వసారా కలిపి సుమారు 1,500 చదరపు అడుగులు. కరెంటు పని, కిటికీలతో సహా అంచనా 15 లక్షల 20 వేలు. మేత్రాసనం 3 లక్షలు ఇస్తోంది. ఊళ్లో కుటుంబాల నుంచి ఇప్పటికి 5 లక్షల 40 వేలు పోగైంది. ఇందులో కూలికి వెళ్లే ఇళ్లు ఒక రోజు కూలి చొప్పున ఇచ్చింది కూడా ఉంది. ఇంకా కావలసింది 6 లక్షల 80 వేలు.

చేతి సాయానికి లోటు లేదు. ఇంటికి రెండు రోజులు శ్రమదానం అని పేర్లు రాసుకుంటే ఒక్క సాయంత్రంలో పట్టీ నిండింది. ఇద్దరు తాపీ మేస్త్రీలు, ఇద్దరూ మన పిల్లల తండ్రులే, సగం కూలికి ఒప్పుకున్నారు. నక్షత్రం చేసే ఆయన కిటికీ గ్రిల్స్‌కు ఇనుము ఖరీదు ఇస్తే చాలన్నాడు. స్లాబు వేశాక నీళ్లు పోయడానికి ఐదో తరగతి పిల్లల ఇళ్లు వంతులు వేసుకున్నాయి. స్టీలు, సిమెంటు, కంకర మాత్రం చేతులతో పుట్టవు. అందుకే ఈ లేఖ.

తొందర ఎందుకో కూడా చెబుతాం. ఏప్రిల్ చివర్లో సెలవులు ఇస్తారు, జూన్ 12న బడి తెరుస్తారు. స్లాబు మే మొదటి వారంలో పడితేనే సెంట్రింగు విప్పి, గోడలకు సున్నం వేసి, పిల్లల్ని లోపల కూర్చోబెట్టగలం. అంటే స్టీలు ఏప్రిల్‌లోనే దిగాలి. విభూతి బుధవారం నుంచి ఈస్టరు దాకా తపస్సుకాలంలో ఉపవాసం చేసే ఇళ్లు ఆ పూట ఖర్చును ఇటు మళ్లిస్తే సంతోషం. సిమెంటు బస్తాగా ఇస్తామన్నా, ఒక కిటికీ ఖర్చు భరిస్తామన్నా సరే. దాతల పేర్లతో పాలరాతి పలక వేయాలా అని ఒకరు అడిగారు. వద్దనుకున్నాం. ఆ రాయి డబ్బుతో రెండు ఫ్యాన్లు వస్తాయి.

డబ్బు పంపే పద్ధతి దయచేసి జాగ్రత్తగా చదవండి. విరాళాలు బడి సొసైటీ ఖాతాకే రావాలి. ఆ వివరాలు గుడి నోటీసు బోర్డు మీద, విచారణ కార్యాలయంలో ఉన్నాయి. మండలి సభ్యులతో సహా ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ పంపకండి. పన్ను మినహాయింపు కోసం రసీదు ఇస్తాం, కానీ 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఎలాగూ వర్తించదు.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. మన సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేదు. ఇటలీ, జర్మనీ కాన్వెంట్లలో ఉన్న మన ఊరి సిస్టర్లయినా, అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్న తమ్ముళ్లయినా, చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మేము తీసుకోకూడదు. మనసు నొచ్చుకోకండి, చట్టం అది. ఈ లేఖను మీ క్లాస్‌మేట్లకు పంపితే అదే పెద్ద సాయం.

లెక్కల గురించి మా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ల కిందట గుడి రంగుల కోసం వసూలు చేసినప్పుడు జమాఖర్చు బోర్డు మీద పెట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా నలుగురు నాలుగు రకాలుగా అన్నారు. అడిగినవాళ్లది న్యాయమే. ఈసారి ప్రతి ఆదివారం పూజ చివర్లో ఆ వారం వచ్చింది, ఖర్చయింది చదివి వినిపిస్తున్నాం. బిల్లుల ఫైలు టీచర్ల గదిలోనే ఉంటుంది, ఏ తల్లి వచ్చి అడిగినా తీసి చూపిస్తారు. ఇద్దరు అమ్మలు ఇప్పటికే చూశారు. ఒకరు కూడికలో 200 రూపాయల తేడా పట్టుకున్నారు, సరిచేశాం.

స్లాబు వేసే రోజు ఖరారు కాగానే గుడి మైకులో చెబుతాం. తెల్లవారుజామున ఐదింటికి పూజ, అది కాగానే పని మొదలు. ఊళ్లో ఉన్నవాళ్లే కాదు, హైదరాబాదు, విజయవాడ నుంచి వచ్చి ఒక చెయ్యి వేద్దామనుకునే వాళ్లూ రండి. పాత బట్టలు తెచ్చుకోండి. వచ్చేది ఎంతమందో ఒక రోజు ముందు చెబితే, టిఫిన్ల వంతు అమ్మలు ఆ లెక్కన ఇడ్లీ పిండి రుబ్బుకుంటారు.

ఇట్లు,
విచారణ పాలక మండలి, బడి తల్లిదండ్రుల కమిటీ