అమ్మ పెళ్లిపాటల రికార్డింగుకి సాయం చేసిన ఇద్దరు పెద్దలకి కృతజ్ఞతలు

నిన్న రాత్రి పది దాటాక పదకొండో పాట కూడా పూర్తయింది. చెల్లి పెళ్లికి ఇంకా మూడు రోజులుంది. రెండు వారాల క్రితం మాత్రం, ఇది మనవల్ల కాదని అమ్మతో చెప్పేసి కీబోర్డు మీద దుప్పటి కప్పేశాను. ఆ దుప్పటి మళ్ళీ తీయించింది ఇద్దరు పెద్దవాళ్ళు. వాళ్ళకి అందరి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి, నేను పిలిచినట్టే ఒకరిని అన్నయ్యగారు అనీ, ఇంకొకరిని మాస్టారు అనీ రాస్తాను.

మాది విజయనగరం. అమ్మ పెళ్లికి ముందు ఇక్కడి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. 1919లో పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. అయితే మేం రికార్డు చేయాలనుకున్నవి అక్కడ నేర్చిన కీర్తనలు కావు. మా అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్న పెళ్లిపాటలు: నలుగు పాటలు, తలంబ్రాల పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, మంగళహారతులు. ఎక్కడా రాసిపెట్టి లేవు. అమ్మా పిన్నీ రెండు సాయంత్రాలు కూర్చుని ఒకరికొకరు అందిస్తూ గుర్తు చేసుకుంటే పదకొండు తేలాయి. అమ్మకి ఇప్పుడు అరవై ఎనిమిది. ఇప్పుడు కాకపోతే మరెప్పుడు అనిపించింది.

మా దగ్గరున్న సామాను కొంచెమే. ఒక లాప్‌టాప్, మైకుని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, అరవై ఒక్క కీల పాత కీబోర్డు, పాటలు రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్, అందులో వీణలా పలికే ఒక ఉచిత వీణ ప్లగిన్. అమ్మ గొంతు వెనక తంబూరా, వీణ తప్ప మరేం ఉండకూడదని అనుకున్నాం.

మొదటి రోజే కీబోర్డు పలకలేదు. లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టింది, సాఫ్ట్‌వేర్ జాబితాలో పేరు కూడా కనిపించింది, కానీ ఆ పోర్టు (కీబోర్డు సందేశాలు లోపలికి వచ్చే దారి) తెరవలేకపోతున్నామని ఎర్రర్ వచ్చింది. నేను కేబుల్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, సాఫ్ట్‌వేర్ కూడా మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. రెండు రోజులు పోయాయి. టెన్షన్‌తో అమ్మ మీద విసుక్కున్నాను కూడా, అది ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పుడు తమ్ముడి స్నేహితుడి ద్వారా అన్నయ్యగారి నంబరు దొరికింది. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తారు. ముఖపరిచయం లేని మనిషికి రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే, డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వెళుతున్న ఆయన పక్కకి ఆపి మాట్లాడారు. నేను చేసినవన్నీ గబగబా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "అమ్మా, కీ నొక్కిన దగ్గర్నుంచి స్పీకర్ దాకా ఒక దారి ఉంది. కీబోర్డు, కేబుల్, విండోస్, రీపర్, ట్రాక్, ప్లగిన్, ఇంటర్‌ఫేస్, స్పీకర్. నీళ్ళు ఎంతవరకు వస్తున్నాయో చూసుకుంటూ రండి. ఆగిన చోట మాత్రమే తవ్వాలి" అన్నారు.

విండోస్ వరకు వస్తోంది, రీపర్‌లోకి రావడం లేదు. అంటే మధ్యలో ఇంకెవరో పట్టుకున్నారన్నమాట. "వేరే ఏ ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి?" అని అడిగారు. బ్రౌజర్‌లో కీబోర్డు పాఠాలు నేర్పే ఒక సైటు తెరిచే ఉంది. వారం క్రితం చెల్లెలి కోసం పెట్టి, మిడి (కీబోర్డు నుంచి లాప్‌టాప్‌కి వెళ్ళే స్వరాల సందేశాలు) వాడుకోవడానికి అనుమతి కూడా ఇచ్చాను. మా కీబోర్డు డ్రైవర్ ఒకసారికి ఒక్క ప్రోగ్రాముకే పోర్టు ఇస్తుంది. ఆ ట్యాబ్ మూసి రీపర్ మళ్ళీ తెరిచేసరికి ట్రాక్ మీటర్ కదిలింది. కీ నొక్కిన ప్రతిసారీ ఆ చిన్న మీటరు పైకి లేవడం చూస్తే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వీణ ప్లగిన్ రీపర్‌లో కనిపించని తగువు కూడా ఆయనే ఒక్క రాత్రిలో తీర్చారు. పాత లాప్‌టాప్ నుంచి ఫైళ్ళు కాపీ చేసుకుని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను, రీపర్ అక్కడ వెతకదు. వీఎస్‌టీ3 అనే రకం ప్లగిన్ అయితే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని కామన్ ఫైల్స్ లోపల, వీఎస్‌టీ3 అనే ఫోల్డరులో ఉండాలి. అక్కడ పెట్టి, ప్రిఫరెన్సెస్‌లో పాత జాబితా చెరిపి మళ్ళీ స్కాన్ చేయించారు. ప్లగిన్ కనిపించింది కానీ నోరు తెరవలేదు, ఎందుకంటే వీణ శాంపిళ్ళు (రికార్డు చేసి పెట్టిన వీణ స్వరాలు) ఉన్న ఫోల్డరు వేరే డ్రైవ్‌లో ఉంది. ఆ దారి కూడా చూపించాక వీణ పలికింది.

పలికింది గానీ, ఒక్కొక్క స్వరం రెండుసార్లు పలికింది. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఇంట్లో రికార్డు చేసుకునే చాలామందికి ఎదురయ్యేదే. నేను వాయిస్తుంటే అమ్మ హెడ్‌ఫోన్ తీసేసి, "ఇద్దరు వాయిస్తున్నారేమిటే, రెండోవాడు వెనకబడుతున్నాడు" అంది. నేను రివర్బ్ (ప్రతిధ్వని) ఎక్కువైందనుకుని దాన్ని తీసేశాను. తేడా లేదు. అన్నయ్యగారికి మళ్ళీ ఫోన్ చేశాను.

"వీణ ఉన్న ట్రాక్ మ్యూట్ చేసి ఒక కీ నొక్కండి."

"నొక్కానండి."

"వినబడుతోందా?"

"వినబడుతోంది."

"వీణ మ్యూట్‌లో ఉంది కదమ్మా. మరి ఇప్పుడు పలుకుతున్నది ఎవరు?"

కీబోర్డే. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టి ఎప్పుడో వదిలేశాను. కీ నొక్కగానే కీబోర్డు తన సొంత గొంతుతో పలుకుతోంది, అదే సమయంలో మిడి సందేశం లాప్‌టాప్‌లోకి వెళ్ళి, వీణ కాస్త ఆలస్యంగా పలుకుతోంది. కీబోర్డు మెనూలో లోకల్ కంట్రోల్ అని ఒకటి ఉంటుంది. అది ఆఫ్ చేస్తే కీబోర్డు సందేశాలు పంపుతుంది గానీ తాను పలకదు. ఆఫ్ చేయగానే రెండో మనిషి మాయమయ్యాడు.

వెనకబడటం సంగతి వేరు. బఫర్ అంటే లాప్‌టాప్ పలికించే ముందు పోగు చేసుకునే శబ్దం ముక్క. అది 1024 శాంపిళ్ళు పెట్టి ఉంది. ఇక్కడ శాంపిల్ అంటే శబ్దం కొలత ఒక్కటి. సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన ఆ ఒక్క బఫరే 23 మిల్లీసెకన్ల ఆలస్యం. వినడానికి తక్కువే అనిపిస్తుంది, కానీ తాళం వేస్తూ పాడే మనిషికి వేలి కిందే తెలిసిపోతుంది. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లకి వస్తుంది, అయితే మా లాప్‌టాప్ తట్టుకోలేక చిటపటలు మొదలయ్యాయి. చివరికి 256 దగ్గర కుదిరింది. వాయించేటప్పుడు 256, పాటలన్నీ కలిపి మిక్స్ చేసేటప్పుడు మళ్ళీ 1024 పెట్టుకోమని ఆయనే చెప్పారు.

ఇంత చేశాక అమ్మని కూర్చోబెట్టి మంగళహారతి మొదలుపెట్టాం. మాయామాళవగౌళ రాగంలో ఉంటుంది, అమ్మ నాలుగు శ్రుతిలో పాడుతుంది. రిషభం నుంచి గాంధారానికి తెగకుండా జారే జారు ఒకటి ఉంది. ఆ పాటకి ప్రాణం అదే. కీబోర్డు మీద రిషభం కీ పట్టుకుని, పక్కనున్న బెండ్ వీలు అనే చక్రంతో గాంధారం వరకు జార్చడం నెల రోజులు సాధన చేశాను. అప్పుడు కీబోర్డు సొంత శబ్దంతోనే చేశాను, చక్కగా వచ్చింది. ఇప్పుడు వీణ ప్లగిన్‌తో అదే చేత్తో అంతే జార్చితే, అమ్మ పాట ఆపేసి నా వైపు చూసింది. "అది గాంధారం కాదే. రిషభమూ కాదు. ఎక్కడో మధ్యలో వేలాడుతోంది" అంది. నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ అదే చోట వేలాడింది. నా చెయ్యి కుదరడం లేదనుకున్నాను. దుప్పటి కప్పింది ఆ రాత్రే.

"ఇది నా పని కాదు, మాస్టారిని అడగాలి" అని అన్నయ్యగారే ఆయన నంబరు ఇచ్చారు. మాస్టారు విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించారు. ఇప్పుడు గుడిలో భజనలకి వాయిస్తున్నారు. ఆయన ముందు సెట్టింగుల గురించి ఏమీ అడగలేదు. "ఆ జారు ఒక్కటీ రికార్డు చేసి పంపమ్మా. ముందు కీబోర్డు శబ్దంతో, తర్వాత వీణతో" అన్నారు. పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"నీ చెయ్యి బాగానే ఉందమ్మా. రెండింటిలోనూ ఒకేలా జార్చావు. వినిపించేదే సగమయిపోయింది."

ఆ మాట విని నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. నెల రోజుల సాధన వృథా కాలేదని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. మిడిలో శబ్దం ఉండదు. అది స్వరం రాసిన కాగితం లాంటిది, పాడేది ప్లగిన్. బెండ్ వీలు తిప్పితే వెళ్ళేది కూడా ఒక అంకె మాత్రమే, 0 నుంచి 16383 వరకు, మధ్యలో ఆగి ఉన్నప్పుడు 8192. ఆ అంకెకి ఎంత దూరం జారాలన్నది అవతల పలికే పరికరం నిర్ణయించుకుంటుంది. మా కీబోర్డులో బెండ్ రేంజ్ (వీలు పూర్తిగా తిప్పితే జారే దూరం) నాలుగు అరస్వరాలు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక అరస్వరం) అని ఎప్పుడో పెట్టుకున్నాను. ప్లగిన్‌లో అది రెండు. చాలావాటిలో మొదట ఉండేది రెండే. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి మూడు అరస్వరాల దూరం. అంటే నా చెయ్యి వీలుని ముప్పావు వంతు తిప్పడం అలవాటు చేసుకుంది. కీబోర్డులో ఆ ముప్పావు మూడు అరస్వరాలైతే, ప్లగిన్‌లో ఒకటిన్నరే అయింది. చతుశ్శ్రుతి రిషభానికీ సాధారణ గాంధారానికీ సరిగ్గా మధ్యన. అమ్మ చెవి చెప్పిన చోటే. అమ్మకి మిడి అంటే ఏమిటో తెలియదు, కానీ తప్పు ఎక్కడుందో అందరికంటే ముందు చెప్పింది అమ్మే.

మొదట కీబోర్డు నుంచే రేంజ్ పంపి చూద్దామన్నారు మాస్టారు. 101, 100 కంట్రోలర్లకి (మిడిలో సెట్టింగులు పంపే నంబర్లు) సున్నా, 6వ కంట్రోలర్‌కి 4 పంపితే, అర్థం చేసుకునే ప్లగిన్లు తమ రేంజ్‌ని నాలుగుకి మార్చుకుంటాయి. మా వీణ పట్టించుకోలేదు. దాని సెట్టింగుల్లో మూలన ఉన్న బెండ్ అనే చోట 2 తీసేసి 4 పెట్టాం. అమ్మని పిలిచాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ వెనకే నిలబడి వింది. జారు గాంధారం మీద దిగింది. అమ్మ ఏమీ అనలేదు, తరువాతి చరణం అందుకుంది. మైకు ఆన్ చేసి లేదు. ఆ ఒక్క చరణం రికార్డు కాలేదు గానీ, నాకు మాత్రం అది ఎప్పటికీ చెవిలో ఉంటుంది.

మరునాడు ఇంకో చిక్కు వచ్చింది. అప్పగింతల పాటలో ఒక చోట కత్తిరించి అతికించాక, ఆ తర్వాత వీణ అంతా శ్రుతి దిగిపోయింది. మాస్టారు వినగానే పట్టేశారు. నేను కత్తిరించిన చోట బెండ్ ఇంకా కిందికి జారి ఉంది. వీలు మధ్యకి తిరిగి వచ్చిన సందేశం కత్తిరించిన ముక్కతో పాటు పోయింది. అందుకే వీణ అలా దిగినట్టే ఉండిపోయింది. ప్రతి ముక్క మొదట్లో బెండ్‌ని 8192 దగ్గర పెట్టే ఒక చుక్క వేసుకోవడం అలవాటు చేశారు. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్‌కి కూడా అంతే, కత్తిరిస్తే పెడల్ వదిలిన సందేశం పోయి స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

అన్నయ్యగారూ, రోజంతా స్టూడియోలో పనిచేసి వచ్చి కూడా నాలుగు రాత్రులు మాకోసం మేలుకున్నారు. ఒక్కసారి కూడా "ఇది తెలియదా" అనలేదు. దూరం నుంచి మా లాప్‌టాప్‌ని మీ చేతుల్లోకి తీసుకుని రెండు నిమిషాల్లో సరిచేసేయగలరు కూడా. అలా చేయకుండా నా చేతే చేయించారు. అందుకే మిగతా ఆరు పాటలకి మిమ్మల్ని పిలవాల్సిన అవసరం రాలేదు. డబ్బు ఇస్తానంటే కోప్పడ్డారు. పెళ్లికి రావాలి, వదినగారినీ పిల్లల్నీ తీసుకుని రావాలి. నాన్న శుభలేఖ పోస్టులో వేశారు.

మాస్టారూ, మీ గురించి అమ్మ రోజూ అడుగుతుంది. "ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కో" అంటుంది. నా చెయ్యి బాగానే ఉందని మీరు అన్న రోజు నుంచి నేను మళ్ళీ రోజూ పొద్దున్నే సాధన చేస్తున్నాను.

పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి విడిది ఇంటికి ఒకటి, మండపంలో సౌండ్ వాళ్ళకి ఒకటి ఇస్తున్నాం. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఎవరైనా అడిగితే, నాకు తెలిసినంత వరకు తప్పకుండా చెప్తాను. ఇద్దరికీ పాటలు నిన్న రాత్రే పంపాను. ఇది రాస్తుండగా మాస్టారి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: ఏడో పాటలో పిన్ని గొంతు కొంచెం వెనక్కి పోయిందట, ఇంకాస్త ముందుకి తీసుకురమ్మన్నారు. నిజమే మాస్టారూ, నేనూ ఇప్పుడే విన్నాను. సరిచేసి సాయంత్రానికి మళ్ళీ పంపుతాను.