నెల జీతం లేనివారి లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

పొదుపు గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు ఒకటో తారీకున జీతం అందుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఫ్రీలాన్స్‌గా పనిచేసే అనువాదకులు, డిజైనర్లు, ఉద్యోగం చేస్తూనే చిన్న వ్యాపారం నడుపుకునేవారు 'నెల ఆదాయంలో ఇంత శాతం దాచండి' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. వారి ఆదాయం ఏ రెండు నెలలూ ఒకేలా ఉండదు.

ఉద్యోగికి పన్ను, పింఛను వాటా మినహాయించుకున్నాకే జీతం చేతికొస్తుంది. సొంతంగా పనిచేసేవారు ఆ కోత తామే వేసుకోవాలి. పెద్ద బిల్లు వసూలైన వారమే ఖరీదైన ల్యాప్‌టాప్ కొనేసి, పన్ను గడువు నాటికి అప్పు కోసం తిరిగేవారిని నేను చాలామందినే చూశాను. వచ్చిన సొమ్మంతా ఒక ప్రత్యేక ఖాతాలో పడేలా చూసుకుని, పన్ను వాటాను ఆ రోజే మరో ఖాతాలోకి మార్చి, ఇంటి ఖర్చులకు నెలకొకసారి ఒకే మొత్తాన్ని జీతంలా తీసుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. ఆ జీతాన్ని కూడా ఏడాది సగటును బట్టి కాక, బాగా తక్కువ వచ్చిన నెలలను బట్టి నిర్ణయించుకోవడం క్షేమం.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ధర చెప్పేటప్పుడు జరుగుతోంది. ఏడాదిలోని 365 రోజుల్లో వారాంతపు సెలవులు 104 పోతే 261 మిగులుతాయి. అనారోగ్యానికి, విశ్రాంతికి 30 తీసేస్తే 231. వాటిలో మూడో వంతు కొత్త పని వెతకడానికి, అంచనాలు పంపడానికి, బకాయిలు అడగడానికే పోతుందనుకుంటే, డబ్బు తెచ్చే రోజులు 154 మాత్రమే. పన్ను, బీమా, పరికరాలు, ముసలితనం కోసం దాచుకునేది కూడా కలుపుకుని ఏడాది అవసరాన్ని ఈ 154తో భాగించాలి. అలా కాక 261తో భాగించి రోజు ధర చెప్పేవారికి, ఏడాదంతా శ్రమించినా అవసరంలో 59 శాతమే చేతికి వస్తుంది. తమకు పొదుపు చేయడం చేతకాదని వారు బాధపడుతుంటారు గానీ, లోటు ఆ ధరలోనే ఉంది.

పని మొదలుపెట్టే ముందే కొంత అడ్వాన్స్ తీసుకోవడం, చెల్లింపు గడువును రాతపూర్వకంగా ఖాయం చేసుకోవడం కూడా అంతే ముఖ్యం. అడిగితే పని చేజారుతుందన్న భయంతో కొత్తవారు వెనకాడుతున్నారు.

మీ ఆర్థిక పేజీలో ఇటువంటివారి కోసం క్రమం తప్పకుండా ఒక శీర్షిక నడపాలనీ, అందులో ఈ లెక్కలను నిపుణుల చేత ఉదాహరణలతో వివరింపజేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ అనువాదకురాలు