బ్రాడీపేట బిల్డింగ్ అడ్వాన్స్ సంగతి

లైడెన్, నెదర్లాండ్స్

ఒరేయ్ శ్రీనూ,

నిన్న నాన్న ఫోన్ చేశారు. బ్రాడీపేటలో ఏదో బిల్డింగ్ చూశారట, అడ్వాన్స్ ఇచ్చేస్తానంటున్నారు. "కడుపులో బిడ్డకి ఆపరేషన్ చేసేవాడివి గుంటూరు మొత్తానికి నువ్వొక్కడివే ఉంటావు రా" అని ఆయన సంబరం. నా టెన్షనే అది. ఫోన్లో చెప్తే తెగేది కాదు, అందుకే నీకీ చాంతాడంత ఉత్తరం.

మొన్న ఇక్కడ ఒకావిడకి చేశారు. ఇరవయ్యో వారం. కవలలు, ఇద్దరికీ మాయ ఒకటే. ఇలాంటి కాన్పుల్లో నూటికి పది, పదిహేనింటిలో మాయ మీది నాళాల గుండా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి పోతూ ఉంటుంది. ఇచ్చే బిడ్డకి ఉమ్మనీరు ఇంకిపోయి, పొర తడిచీరలా ఒంటికి అంటుకుపోతుంది. పుచ్చుకునే బిడ్డ చెరువంత నీళ్లలో తేలుతుంది గానీ గుండె అలిసిపోతుంది. ముదిరాక వదిలేస్తే చాలాసార్లు ఇద్దరూ దక్కరు.

తల్లి మెలకువగానే ఉంది. పెన్ను రీఫిల్ అంత గొట్టం పొట్టలోకి దిగింది. తెర మీద మసక పసుపు నీళ్లు. మాయ మీద ధమని సిర పైనుంచి దాటుతుంది, రంగు కూడా దానిదే నలుపు. మన ఒంట్లో ఎర్రగా ఉండేది ధమని కదా, అక్కడ తిరకాసు. మా మేడమ్ ఒక్కో నాళం వెంట వెళ్లి, ఇద్దరు బిడ్డలవీ కలిసేచోట లేజర్ కొట్టారు. ఎర్రగా ఉన్నది తెల్లబడి ముడుచుకుంది. మధ్యలో బుల్లి చెయ్యొకటి వచ్చి గొట్టాన్ని తడిమింది. మేడమ్ కదల్లేదు, అది పోయేదాకా ఆగారు. నేనైతే కంగారుపడి వెనక్కి లాగేసి దారి తప్పేవాణ్ణి.

వెంట్రుకంత నాళం మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇప్పుడు కాల్చిన చుక్కలన్నీ కలిపి గీతలా కాలుస్తున్నారు. యూరప్‌లో 274 మంది తల్లుల మీద పరీక్షించి చూసి 2014లో చెప్పారు: తర్వాత ఒక బిడ్డకి రక్తం పల్చబడి, రెండో బిడ్డకి చిక్కబడే తంటా 16 శాతం నుంచి 3 శాతానికి దిగింది.

పద్ధతి తెలిస్తే సరిపోతే బాగుండేది. ఈ ఊరివాళ్లే లెక్కకట్టారు, చెయ్యి కుదరడానికి కనీసం 60 కేసులు పడతాయని. మరి ఆ అరవై మంది ఎవరి అక్కలు రా, ఎవరి చెల్లెళ్లు? నాకు నిద్ర పట్టనిది ఇక్కడే. ఇక్కడైతే దేశం మొత్తంలో ఈ లేజర్ కేసులన్నీ ఈ ఒక్క ఆసుపత్రికే పంపుతారు. మాలాంటి నేర్చుకునేవాళ్లం ముందు సిలికాన్‌తో చేసిన బొమ్మ మాయ మీద కుస్తీ పడాలి. మొన్న దాని మీద కూడా ఒక నాళం వదిలేశాను. మేడమ్ ఏమీ అనలేదు, వేలితో చూపించారంతే. తిట్టినా బాగుండేది.

ఇక గుంటూరు లెక్క. ఒకే మాయ కవలలు సుమారు 400 కాన్పులకొకటి. అందులో ఎనిమిదో వంతుకి ఈ జబ్బు అనుకో. అంటే మూడు వేల పైచిలుకు కాన్పులకి ఒక్క కేసు. పక్షానికొకటైనా చేయకపోతే నేర్చింది కూడా మర్చిపోతాను. అలా చేయాలంటే ఏడాదికి 75 వేల పైచిలుకు గర్భిణులు బ్రాడీపేట మెట్లెక్కాలి! లిఫ్ట్ కూడా లేదట.

నేను హైదరాబాద్‌లో కేసులు పోగయ్యే చోట, సీనియర్ పక్కన చేరతాను. గుంటూరులో కావాల్సింది స్కానింగ్. మూడో నెలలోనే మాయ ఒకటా రెండా తేల్చి, ఒకటైతే పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి చూసి, తేడా కనిపించగానే పంపేయాలి. దానికి ఒక గది, ఒక మంచి మిషన్ చాలు.

నాన్న నా మాట కన్నా నీ మాట వింటారు. ఇంట్లో అమ్మ ముందు ఎత్తకు. సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్ వైపు తీసుకెళ్లి, టీ ఇప్పించి, ఆ లిఫ్ట్ సంగతితో మొదలుపెట్టు. ఆయనకి మోకాళ్ల నొప్పులు కదా.

నీ
రవి